లేసు పనికి ముగ్గు పెట్టిన వైనం

"శాంతమ్మా, నీవు మంచిదానవు. నీ బుద్ధి మాత్రము మంచిది కాదు."

"మంచి బుద్ధే ఉంటే మీ కొలువులో ఎందుకుంటానండి, అమ్మగారూ."

నాకూ మా దొరసానిగారికీ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆవిడ పడవలో నిలబడి ఉన్నారు, నేను రేవు మెట్ల మీద నిలబడి ఉన్నాను. ఆవిడ గొడుగు ఊపారు, నేను కొంగు ఊపాను. పడవ కాలువ లాకుల వైపు మలుపు తిరిగింది. ఆవిడ తన దేశం వెళ్ళిపోయారు. అంత దూరం వెళ్ళే మనిషి పోతూ పోతూ నా ఆత్మ గురించి ఒక ముక్క చెబుతారనుకున్నాను, ప్రార్థన మానవద్దని చెబుతారనుకున్నాను. నా బుద్ధి గురించి చెప్పి వెళ్ళారు.

ఊరికే అనలేదు. గోదావరికి వరదొస్తే గట్టు ఎక్కడో ఒకచోట తెగుతుంది. నా బుద్ధికి వరదొచ్చిన ఏట రెండు వీధులూ, ఒక బంగళా, సముద్రం అవతల ఎవరిదో పెళ్ళి విందూ కలిసి మునగబోయాయి. ఆ సంగతే చెప్పబోతున్నాను. నా గొంతు వట్టి తిరగలి తిప్పినట్టు ఉంటుంది, అక్షరాలు నాకు అరకొర. అందుకని నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సుగుణ రాస్తోంది. బడిలో పంతులమ్మ కాబట్టి నా మాటలను కాస్త దువ్వి జడ వేస్తుంది. జడలో పేలు మాత్రం నావే.

మా ఆయన పోయేనాటికి నేను పడుచుదాన్ని. మరిదిగారింట్లో వెనక వసారాలో నాకొక చాపా, ఒక రోలూ ఇచ్చారు. చాప మీద పడుకున్న వేళ తక్కువ, రోటి దగ్గర కూర్చున్న వేళ ఎక్కువ. తోడికోడలు నన్ను పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది. పప్పు రుబ్బాలంటే రోలు వైపు చూసేది, నేను లేచి వెళ్ళేదాన్ని. అలాంటి రోజుల్లో దొరసానిగారు మా క్రైస్తవుల పేటలో ఆడవాళ్ళకు లేసు అల్లడం నేర్పడం మొదలుపెట్టారు. కొసన కొక్కెం ఉన్న చిన్న సూది, ఒక దారపు ఉండ, అంతే సరంజామా. ఆ కొక్కెంతో దారాన్ని లాగుతూ, మెలిపెడుతూ పోతే చేతిలో పువ్వులు పుట్టేవి. ఉత్త దారం పువ్వు కావడం నేను మొదటిసారి చూసినప్పుడు నా నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. దొరసానిగారే వేలితో నా గడ్డం పైకెత్తి మూశారు.

నేనూ నేర్చుకున్నాను. నా వేళ్ళు రుబ్బురోలు పొత్రం తిప్పిన వేళ్ళు కదా, ఎంత సుతారంగా పట్టుకున్నా సూది వణికేది. నేను అల్లింది చూసి దొరసానిగారు నెమ్మదిగా అడిగారు.

"శాంతమ్మా, ఇది చేపలు పట్టుటకా?"

"కాదండి. మల్లెపూలండి."

ఆవిడ చాలాసేపు చూసి, దాన్ని మడిచి నా చేతిలోనే పెట్టేశారు. మర్నాటి నుంచి నాకు వేరే పని ఇచ్చారు. ఇంటింటికీ దారం పంచిపెట్టి, అల్లిన లేసు పోగుచేసి మిషను బంగళాకు తీసుకురావాలి. అల్లడానికి పనికిరాని దాన్ని అల్లించడానికి పెట్టారన్నమాట. లోకంలో పెత్తనాలన్నీ ఇలాగే వస్తాయి కాబోలు.

ఆ పెత్తనం ఎలాంటిదో మీకు తెలియాలి. లేసు అల్లే ఆడవాళ్ళెవరూ కూలికి కుదిరినవాళ్ళు కారు. మా పేటలో కొందరు, కాలువ అవతల కాపుల వీధిలో కొందరు. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి తీరికలో వాళ్ళు. ఒకావిడ పిల్లకు పాలిస్తూ అల్లుతుంది, ఒకావిడ ఎసరు మరిగేలోపు అల్లుతుంది, ఒకావిడ అత్తగారు గుడికి వెళ్ళినంతసేపే అల్లుతుంది. గదమాయిస్తే దారపు ఉండ నా మొహాన కొట్టి ఊడ్పులకు పోతారు. అడుక్కునేదానిలా వెళ్ళాలి, అధికారిలా తిరిగి రావాలి.

అయినా నాకది స్వర్గం. రోజంతా నడక, ఎండ, నాలుగు ఇళ్ళ కబుర్లు. సాయంత్రం దొరసానిగారు నన్ను పేరు పెట్టి పిలిచేవారు. వసారాలో చాప వదిలేసి పేట చివర కాలువ గట్టున నాకంటూ ఒక గుడిసె వేసుకున్నాను.

నేను చెప్పిన ఆ ఏడు దొరసానిగారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. కూర్చోమన్నారంటే ఏదో వచ్చిందని అర్థం.

"శాంతమ్మా, మా దేశము నుండి ఒక గొప్ప పని వచ్చినది. పెళ్ళి విందు బల్ల మీద పరచు గుడ్డకు చుట్టును అంచు కావలెను."

"ఎంత బల్లండి?"

ఆవిడ వరండా ఈ చివర నుంచి ఆ చివరకు చూపించి, ఇంకా బయటికి చెయ్యి చాచారు. ఆ బల్లకు ఈ కొసన కూర్చున్నవాడు ఉప్పు అడిగితే ఆ కొసన ఉన్నవాడికి వినిపించే లోపల భోజనాలైపోతాయనుకున్నాను. అంత పెద్ద బల్ల వేసుకుని తినే మనుషులు కూడా మనలాగే అన్నమే తింటారా అని కూడా అనుకున్నాను.

"ఒక్కతె అల్లలేదు. అందరును తలా ఒక జానెడు ముక్క అల్లవలెను. నేను కలిపి కుట్టెదను. ఒక పువ్వు, ఇరుప్రక్కల రెండు ఆకులు. అన్నియు ఒకే రీతిగా ఉండవలెను, శాంతమ్మా. ఒకే చేయి అల్లినట్లు."

"అలాగేనండి."

"మా మిషను పెద్దలు ఈ లేసు పని దండుగ అనుచున్నారు. ఇది సరిగా రానియెడల ఇక దారము పంపరు."

దారం రాకపోతే నా నడక ఆగిపోతుంది. నా నడక ఆగితే గుడిసెకు కప్పు వేయించుకోలేను. అప్పుడు మరిదిగారి వసారా, ఆ రోలు, రోలు వైపు తిరిగే తోడికోడలి చూపు. ఇక వేరే ఏమీ చెప్పనక్కరలేదు.

అన్నీ ఒకేలా రావాలంటే ఎలా? దానికి మాదిరి ఉండాలి. దొరసానిగారు ముందు కాగితం మాదిరులు ఇచ్చారు. చిన్న చిన్న గళ్ళు గీసి, కొన్ని గళ్ళు నల్లగా నింపి, ఎంత ముద్దుగా ఉన్నాయో. ప్రతి గడీ ఒక ముడి అన్నమాట. దారంతో చేసేదాన్ని సిరాతో ముందే చేసి చూపించవచ్చని నాకు తెలియదు. చేతులు కడుక్కుని పట్టుకున్నాను.

నాకు కలిగిన భక్తే పేటలో అందరికీ కలిగింది. అదే కొంప ముంచింది. కాగితం పంచి వచ్చిన కొన్నాళ్ళకు చూద్దును కదా, ఏ ఇంట్లోనూ అది సూది దగ్గర లేదు. పేటలో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారి భార్య రూతమ్మ బైబిలు తెరిచి చూపించింది.

"ఇదిగో, కీర్తనల మధ్య దాచానక్కా. మడత కూడా పడలేదు."

"దాచడానికిచ్చారా రూతమ్మా? చూసి అల్లడానికిచ్చారు."

"పొయ్యి దగ్గర చూస్తే మసి పడదూ? దొరసానిగారి కాగితానికి మసి పడితే ఏమంటారో."

కాపుల వీధిలో ఇంకొకావిడ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. మరొకావిడ వాసంలో దోపింది, ఎలుకలు తినేశాయి. ఎలుకలకు మాత్రం భక్తి లేదు.

కాగితం లాభం లేదని దొరసానిగారు తన చేత్తో ఒక ముక్క అల్లి మాదిరిగా ఇచ్చారు. ఒక పువ్వు, రెండు ఆకులు. మంచు బిందువులు గడ్డకట్టి దారమయ్యాయా అన్నట్టుంది. దాన్ని గుండెకు హత్తుకుని కాపుల వీధికి వెళ్ళాను.

కాపుల వీధిలో నా పెద్ద దిక్కు వీరమ్మగారు. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గట్టి. ఆ వీధిలో నేను దారపు ఉండ అరుగు మీద పెట్టి వెనక్కి జరిగితే వాళ్ళు వచ్చి తీసుకునేవారు. అది అక్కడి పద్ధతి. మాదిరి ముక్కను కూడా అలాగే అరుగు మీద పెట్టాను. వీరమ్మగారు తీసుకుని, ఎండకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎంత బాగుందే శాంతమ్మా. ఇవాళ ఉంచి వెళ్ళు. రేపు పక్కింటికి ఇద్దువుగాని."

మర్నాడు వెళ్ళేసరికి అరుగు మీద చిన్న దారపు ఉండ ఉంది.

"మాదిరేదండి?"

"అదేగా."

"ఇది దారమండి, వీరమ్మగారూ."

"విప్పి చూడకపోతే ఎలా అల్లిందో ఎలా తెలుస్తుందే? చివరి ముడి దాకా విప్పాను. మీ దొరసాని ఒకచోట రెండు ముళ్ళు తక్కువ వేసింది, చెప్పు ఆవిడతో."

దొరసానిగారికి నేను ఆ ముళ్ళ సంగతి చెప్పలేదు. ఉండ కూడా చూపించలేదు. ఇంటికొచ్చి గుడిసె ముందు కూలబడ్డాను. మర్నాడు తెల్లారి లేచేసరికి, కళ్ళాపి చల్లిన వాకిట్లో ఎదురింటి పిల్ల ముగ్గు వేస్తోంది. మా పేటలో పండగకూ పబ్బానికీ మాత్రమే వేస్తారు, ఆ పిల్ల మాత్రం సరదాకి వేసేది. తడి నల్లనేల మీద తెల్లటి గీత పాకుతోంది. చుక్క చుట్టూ తిరిగి, మెలిక పడి, పువ్వై కూర్చుంది.

నాకు మెరుపు మెరిసింది. ఇదిగో ఈ మెరుపే నన్ను ముంచింది. లేసంటే ఏంటి? ముగ్గును నేల మీంచి ఎత్తి చేతిలో పెట్టుకుంటే అది లేసు. కాగితం చదవలేని ఆడది ఉంటుంది గాని, ముగ్గు చదవలేని ఆడది ఈ గోదావరి ఒడ్డున పుట్టలేదు. ముగ్గును ఎవరూ బైబిల్లో దాచలేరు. వాసంలో దోపలేరు. విప్పి ఉండ చుట్టలేరు. అందరికీ ఒకటే మాదిరి, పొద్దున్నే వాకిట్లో. దారం లాగే తెల్లగా. నా తెలివికి నేనే ఆశ్చర్యపోయాను. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఈ తలకాయలో ఎక్కడ నక్కి ఉందా అని తల తడుముకున్నాను కూడా.

దొరసానిగారితో చెప్పలేదు. ఆవిడ దృష్టిలో ముగ్గు అన్యమతాచారం. పని పూర్తయ్యాక చెబుతాలే అనుకున్నాను.

ఒక్కటే చిక్కు. కాపుల వీధిలో పొద్దున్నే వాకిట్లో విధవ మొహం చూడకూడదు. తలుపు తీయగానే నేను కనపడితే ఆ రోజు గేదె కూడా పాలివ్వదని వాళ్ళ నమ్మకం. ముగ్గు పిండి పుచ్చుకుని నేను వాళ్ళ వాకిళ్ళు తొక్కితే ఇంకేమన్నా ఉందా? బారెడు పొద్దెక్కాక దొడ్డిదారిన వెళ్ళి వీరమ్మగారితో చెప్పుకున్నాను. ఆవిడ తలగోక్కుని ఉపాయం చెప్పారు.

"నీ వాకిట్లో నువ్వు వెయ్యి. నేను కాలువకు నీళ్ళకొచ్చినప్పుడు చూసుకుంటా. వచ్చి నా వాకిట్లో వేస్తా. నాది చూసి పక్కింటావిడ వేస్తుంది, దాన్ని చూసి ఆ పక్కావిడ. వీధి చివరిదాకా పోతుంది."

"అచ్చంగా అలాగే వెయ్యాలండి. ఒక పువ్వు, రెండు ఆకులు."

"ముగ్గు వెయ్యడం నువ్వు నాకు నేర్పుతావా?"

మర్నాడు నా గుడిసె ముందు కళ్ళాపి చల్లి, ఒక పువ్వు, రెండు ఆకులు వేశాను. నా వేళ్ళకు సూది లొంగదు గాని పిండి లొంగుతుంది. పేటలో రూతమ్మ నన్ను చూసి వేసింది, రూతమ్మను చూసి మిగతావాళ్ళు వేశారు. కాలువ అవతల వీరమ్మగారు వేశారు. పొద్దెక్కాక గట్టు మీద నిలబడి దూరం నుంచే రెండు ఒడ్డులూ చూశాను. వాకిలి తరవాత వాకిలి, తెల్లగా, వరసగా. పదవుల్లో ఉన్నవాళ్ళకు లోకం ఇలాగే కనిపిస్తుందేమో అనిపించింది.

అంతలో ఉపదేశిగారు గొడుగు చంకలో పెట్టుకుని పేటలోకి వచ్చారు. క్రైస్తవుల గుమ్మాల ముందు ముగ్గులు చూసి నడక ఆపేశారు.

"శాంతమ్మా, ఏంటిదంతా?"

"లేసు పనండి."

"నేల మీదా?"

"ముందు నేల మీదండి, తరవాత చేతిలోకి వస్తుందండి."

"ఇది అన్యుల ఆచారం. ఆదివారం ప్రసంగంలో దీని గురించి గట్టిగా చెప్పాల్సొస్తుంది. అసలు ఇది ముందు ఏ ఇంట మొదలైంది?"

"నా గుడిసె తరవాత మీ ఇంటేనండి."

ఆయన వెళ్ళి తన గుమ్మం ముందు నిలబడ్డారు. రూతమ్మ పువ్వు నడిమధ్యలో చక్కటి సిలువ వేసి, ఆకులకు బదులు రెండు పావురాలు పెట్టింది. ఆయన దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి ఇంట్లోకి వెళ్ళారు. ఆ ఆదివారం ప్రసంగం సారా మానడం గురించి జరిగింది.

పాఠకులారా, ఆ పావురాలు చూసినప్పుడైనా నాకు బుద్ధి రావాలా వద్దా? రాలేదు. ఉపదేశిగారి నోరు మూయించానన్న సంబరంలో పావురాల సంగతి పట్టలేదు. రూతమ్మ భక్తి గల మనిషి, నేల మీద పావురాలు వేసుకుంది, సూదితో మాత్రం ఆకులే అల్లుతుందిలే అనుకున్నాను.

అల్లుతున్న లేసు నేను చూడకూడదా అంటారు. చూడకూడదు. లేసుకు మసి తగలకుండా, చెమట తగలకుండా ఉతికిన గుడ్డలో చుట్టి ఉంచమని దొరసానిగారి ఆజ్ఞ. మధ్యలో నేను విప్పమంటే "నీ చేతులు చూసుకున్నావా?" అనేవారు. మూట బరువు చూసి పని ఎంతవరకూ వచ్చిందో చెప్పే నేర్పు నాకు వచ్చేసింది. బరువు చూసి పువ్వు చెప్పలేం కదా. ఎవరి మూట ఎవరిదో తెలియడానికి ఒకదానికి చింతగింజ, ఒకదానికి గవ్వ, ఒకదానికి కొబ్బరిపీచు ముడివేసి గుర్తు పెట్టుకున్నాను. ఆ గుర్తుల తెలివి చూసి కూడా మురిసిపోయాను. మురిసిపోవడానికి నాకు ఆ రోజుల్లో పెద్ద కారణం అక్కరలేదు.

సరే, ఆ రోజొచ్చింది. పడవ సరుకెత్తుకుని మధ్యాహ్నం బయల్దేరాలి. నేను తట్టనిండా మూటలు నెత్తిన పెట్టుకుని బంగళాకు వెళ్ళాను. దొరసానిగారు వరండాలో చాపలు పరిపించి, సూదీ దారం పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. మొదటి మూట విప్పారు. వీరమ్మగారిది. ఒక పువ్వు. దాని చుట్టూ ఆకులు కాదు, అలలు. గోదావరి గాలికి నీళ్ళు ముడతలు పడినట్టు.

ఆవిడ నా వైపు చూశారు. రెండో మూట విప్పారు. పువ్వు మధ్య నుంచి ఒక తాటిచెట్టు లేచింది. మూడోది, పువ్వు పోయి చేప వచ్చింది, చేప నోట్లో పువ్వు ఉంది. నాలుగోది రూతమ్మ పావురాలు. ఆ తరవాత విప్పుతున్నకొద్దీ నెమలి, దీపం, పడవ తెరచాప, వరివెన్ను, చిలక ముక్కు. ఒకావిడ పువ్వు వేసింది, నిజమే, కాని ఆ పువ్వు మీద తుమ్మెదను కూర్చోబెట్టింది. నేను చెప్పిన ఒక పువ్వు, రెండు ఆకులు మొత్తం తట్టలో ఒక్క మూటలోనే ఉంది. అది అల్లిన మనిషి నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన కొత్త కోడలు, ఇంకా భయం తీరలేదు.

"శాంతమ్మా, నీవు ఏ మాదిరి ఇచ్చితివి?"

చెప్పాను. కాగితం సంగతి, ఉండ సంగతి, ముగ్గు సంగతి, అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆవిడ మొహం లేసుకన్నా తెల్లబడింది. అంతలో వీరమ్మగారు తన పని ఎలా నచ్చిందో చూసుకోవడానికి వచ్చి వరండా మెట్ల దగ్గర నిలబడ్డారు.

"వీరమ్మగారూ, అచ్చంగా అలాగే వెయ్యమన్నాను కదండి."

"నీ ముగ్గు అచ్చంగా నా వాకిట్లో వేసుకుంటే జనం ఏమనుకుంటారు? చేతకాక పక్కింటిది దొంగిలించిందంటారు. చూసింది చూసినట్టు వేస్తే ముగ్గెలా అవుతుందే? ఒక్క మెలికైనా మనది ఉండొద్దూ?"

"మరి మీ పక్కింటావిడ?"

"ఆవిడ నాది చూసి తనది వేసుకుంది. ఆ పక్కావిడ ఆవిడది చూసి తనది. అందరం గీత తప్పకుండా నువ్వు చెప్పినట్టే చేశాం."

ఆవిడ అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. పుట్టిన దగ్గర్నుంచీ నేనూ ముగ్గులు వేశాను. ఎదురింటి ముగ్గును ఎప్పుడైనా ఉన్నదున్నట్టు దింపానా? దింపితే మా అమ్మ చీపురు పుచ్చుకుని చెరిపేసేది. ఆ సంగతి తెలిసి తెలిసి, లోకంలో ఏ రెండు వాకిళ్ళూ ఒకలా ఉండకూడదన్న పట్టుదల మీద పుట్టినదాన్ని తెచ్చి, అన్నీ ఒకలా ఉండాలన్న పనికి మాదిరిగా పెట్టాను. నిప్పుతో దూది కట్టలు కట్టించినట్టు.

రేవు నుంచి పడవ సరంగు కేక వేశాడు. మళ్ళీ అల్లించే వ్యవధి లేదు. దొరసానిగారు కళ్ళు తుడుచుకుని, "ఉన్నవి కుట్టెదము. దేవుని చిత్తము" అన్నారు. ముక్కలన్నీ వరసగా చాపల మీద పరిచాం. ఆవిడ కుట్టుకుంటూ వెళ్ళారు, నేను దారం ఎక్కించి ఇస్తూ వెళ్ళాను.

వరండా చివర కుట్టు పూర్తయ్యాక ఆవిడ లేచి వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను. వీరమ్మగారు మెట్ల మీంచే మెడ చాచి చూశారు. వీరమ్మగారి అలలు పక్కావిడ పడవ కిందికి పారాయి. చేప నోట్లోంచి పువ్వు జారి తరవాతి ముక్కలో తుమ్మెద దగ్గర తేలింది. పావురాలు తాటిచెట్టు మీద వాలబోతున్నాయి. ఒకరిది చూసి ఒకరు వేశారు కదా, ఎక్కడో ఒక మెలిక పక్కదానిలోకి పాకి వెళ్ళింది. రెండు ఒడ్డులూ, కాలువా, మా ఆడవాళ్ళందరి తెల్లవారుజాములూ ఒక తెల్లటి తాడు మీద ఊపిరి పీల్చుకుంటూ ఉన్నట్టుంది. వాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ మసి చేతులు తెలుసు, వాళ్ళ తిట్లు తెలుసు. వాళ్ళ లోపల ఇవి ఉన్నాయని మాత్రం తెలియదు. చర్చిలో నాకెప్పుడూ కలగని వణుకు అప్పుడు కలిగింది. సుగుణా, ఈ మాట ఉపదేశిగారి మనవడి కంటపడకుండా చూడు.

"ఇది చాలా అందముగా ఉన్నది," అన్నారు దొరసానిగారు. "మన పని ముగిసినది."

ఆ రెండు మాటలూ ఆవిడ ఒక్క ఊపిరిలో అన్నారు. లేసు పడవెక్కింది.

ఆ తరవాత దారం రావడం ఆగింది. నా దగ్గర మిగిలిన దారం అందరికీ మూరెడు మూరెడు పంచాను. కొందరు ఊడ్పులకు వెళ్ళిపోయారు. నా గుడిసె కప్పులోంచి ఆకాశం కనపడటం మొదలైంది. తోడికోడలు ఒకరోజు దారిన పోతూ ఆగి, "రోలు అలాగే ఉందక్కా" అంది. నన్ను అక్కా అని పిలవడం అదే మొదలు.

వానలు వెనకబట్టాక దొరసానిగారు కబురు చేశారు. వెళ్ళేసరికి ఆవిడ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"శాంతమ్మా, పెళ్ళివారు సంతోషించిరి. విందులో ఎవరును సరిగా తినలేదట. అందరును అంచు చూచుచు కూర్చుండిరట."

నేను ఆవిడ కూర్చోమనకముందే మెట్టు మీద కూర్చున్నాను.

"వారి బంధువుల ఇంట మరియొక పెళ్ళి ఉన్నది. వారికిని కావలెను. మా పెద్దలు దారము పంపిరి. కాని శాంతమ్మా, ఒక్క షరతు. అచ్చముగా ముందటి దానివలెనే ఉండవలెను. ఒక్క ముడియు తేడా రాకూడదు."

నా సంతోషం ఎంతసేపుందో అడగకండి. కాలువ దాటేవరకు ఉంది. దాటాక వీరమ్మగారి దొడ్లో నిలబడి చెప్పాను.

"అప్పటిదే మళ్ళీ అల్లాలండి. అలలు. అవే అలలు."

"అవెక్కడున్నాయే?"

"మీరే కదండి అల్లారు."

"అప్పటి ముగ్గు ఆ పొద్దున్నే చెరిగిపోయింది. ఇప్పుడు నా చేతికి వేరేది వస్తోంది. వెనకటి ముగ్గు మళ్ళీ ఎవరేస్తారు, చోద్యం కాకపోతే."

ప్రతి ఇంటా ఇదే మాట. రూతమ్మను బతిమాలాను. "పావురాలు ఎగిరిపోయాయక్కా" అంది, నవ్వకుండా. కనీసం ఆ కొత్త కోడలైనా ఒక పువ్వు, రెండు ఆకులు వేస్తుందేమో అని వెళ్ళాను. అప్పటికి ఆ పిల్లకు భయం తీరిపోయింది. ఏనుగును అల్లుతోంది.

మళ్ళీ తట్ట, మళ్ళీ మూటలు, మళ్ళీ వరండా. దొరసానిగారు ఒక్కొక్కటే విప్పారు. కలువలు, కొంగలు, లాకు తలుపులు, గాలికి వంగిన కొబ్బరిమట్ట, తొండమెత్తిన ఏనుగు. ముందటి లేసులో ఉన్నది ఇందులో ఒక్కటీ లేదు. ఆవిడ రెండు చేతులతో తల పట్టుకున్నారు.

"శాంతమ్మా, ముందటి దానివలె అని చెప్పితిని."

నా కళ్ళ ముందు రోలు కదిలింది. దాని పొత్రం కూడా కదిలింది. ఆ భయంలో నా నోట్లోంచి మాట నా అనుమతి లేకుండా బయటికొచ్చింది.

"ముందటిలాగే ఉందండి, అమ్మగారూ. అప్పుడూ ఏ రెండూ ఒకలా లేవు. ఇప్పుడూ లేవు. ఇంతకన్నా అచ్చంగా ఎవరు తేగలరండి?"

దొరసానిగారు నన్ను చూశారు. లేసును చూశారు. కాసేపటికి ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకుని నీళ్ళచెంబు అందించబోయాను. ఆవిడ నవ్వుతున్నారు. నవ్వి నవ్వి గోడకు ఆనుకుని, ఆ నా మాటనే తన భాషలో చీటీ మీద రాసి మూటలో పెట్టి పంపేశారు. అక్కడివాళ్ళు ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, అంత పెద్ద బల్ల దగ్గర తినేవాళ్ళకు ఒక మాట సరిగ్గా వినపడి ఉండదు. దారం వస్తూనే ఉంది. నా గుడిసెకు కొత్త తాటాకు పడింది.

కాబట్టి పెద్దలందరి ఎదుటా, నా నెరిసిన తల మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ప్రాణం పోయినా ఏ ఆడదాని వాకిట్లోనూ నా ముగ్గు వేయించి, తెల్లారి అక్కడ నా ముగ్గే ఉండాలని కోరను. కోరినట్టు ఎవరైనా చూస్తే నన్ను తీసుకెళ్ళి ఆ రోటికే కట్టెయ్యండి.

ఇంక చాలు సుగుణా. కలం పక్కన పెట్టి, మొదటి నుంచి చదువు, వింటాను. చూడు, నేను చెప్పింది చెప్పినట్టు రాశావా, నీ మెలిక ఏమైనా పెట్టావా?